ఒకరి గిరాకీ ఇంకొకరికి

టైలరమ్మ కూర్చోలేదు. కోడలు రెండుసార్లు కుర్చీ జరిపినా గుమ్మానికి ఆనుకుని నిలబడే మాట్లాడుతోంది.

“కూర్చోడానికి రాలేదమ్మాయ్. మీ మామగారిని బయటికి పిలు. నేను పంపిన మనిషిని ఎందుకు తరిమేశాడో నా మొహంమీద చెప్పమను.”

“తరమలేదక్కా...”

“తరమలేదా? ‘కాగితం ముక్క పట్టుకుని రావడానికి ఇదేమన్నా ధర్మసత్రమా’ అన్నాడట, అంతమంది ముందు. ఆవిడ టీచరు. నేను మెషీను కొన్న కొత్తలోంచి నా దగ్గరే కుట్టించుకుంటోంది. వాచీ ఆగిపోయిందంటే, నేనే కూపన్ చేతిలో పెట్టి, మా పెద్దాయన చెయ్యి పడితే చచ్చిన వాచీ లేచి కూర్చుంటుందని చెప్పి పంపాను. నా నాలిక కోసుకోవాలి.”

లోపలి గది తలుపు మూసే ఉంది. నిన్న సాయంత్రం షాపు నుంచి వచ్చి ఆ గదిలోకి వెళ్ళిన పెద్దాయన మళ్ళీ బయటికి రాలేదు. రాత్రి తలుపు దగ్గర పెట్టిన కంచం పొద్దున్నకి మూతతో సహా అలాగే ఉంది.

అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది. “ఆయనకి గడియారాలతో మాట్లాడ్డం వచ్చుగానీ మనుషులతో ఎప్పుడొచ్చిందమ్మా? పెళ్ళయిన కొత్తలో నన్ను పేరుపెట్టి పిలవడానికే ఏడాది పట్టింది.”

టైలరమ్మకి నవ్వు రాలేదు. కోడలికీ రాలేదు. అత్తగారు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

కొడుకు గోడవార కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. గోడౌన్‌లో అతని ఉద్యోగం. బస్సు తప్పిపోతే ఆ పూట జీతం లేనట్టే. కట్టిన ముడినే విప్పి మళ్ళీ కడుతున్నాడు తప్ప తలెత్తడం లేదు.

“మీరైనా చెప్పండి,” అంది టైలరమ్మ అతనితో.

“మీ షాపుల గొడవ నాకేం తెలుసండీ. ఇదంతా మొదలుపెట్టింది తను,” అని భార్యవైపు చూపించాడు.

నిజమే. మొదలుపెట్టింది కోడలే. వీధి మొదట్లో పెద్ద షాపు తెరిచినప్పటి నుంచి జనం అక్కడి చల్లగాలికి అలవాటుపడి, బట్టలూ చెప్పులూ కళ్ళజోళ్ళూ అన్నీ ఒకే కప్పు కింద కొనేసుకుని, వీధిలోపలికి రావడమే మానేశారు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు తుడవడం తప్ప ఆమెకి పని లేకుండా పోయింది. అదే షాపులో ఓ మూల గడియారాలు బాగుచేసే మామగారు పేపరు మొదటినుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. అప్పుడు ఆమెకి తట్టింది. ఒక్కొక్కళ్ళం ఆ షాపుతో పోటీ పడలేం, మూడు షాపులం కలిస్తేనో? టైలరమ్మ దగ్గర కుట్టించుకున్నవాళ్ళకి కళ్ళజోడులో తగ్గింపు. కళ్ళజోడు తీసుకున్నవాళ్ళకి చెప్పుల్లో తగ్గింపు. చెప్పులు కొన్నవాళ్ళకి గడియారం రిపేరులో తగ్గింపు. ఒకరి గిరాకీ ఇంకొకరికి. ఎవరి కూపన్ ఎక్కడైనా చెల్లుతుంది.

చెప్పినంత తేలిక కాలేదు. నలుగుర్ని ఒక మాటమీదికి తేవడమంటే కప్పల్ని తక్కెట్లో తూచడమే. కూపన్ మీద ఎవరి పేరు పైనుండాలన్న దగ్గరే ఓ వారం గడిచిపోయింది. అయినా అచ్చయింది, పంచారు, మనుషులు రావడం మొదలైంది. సరిగ్గా రావడం మొదలయ్యాకే మామగారు ముఖం ముడుచుకున్నాడు.

బయట మెట్లమీద దబదబా అడుగుల చప్పుడు. చెప్పుల షాపాయన వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని ఉరుము అంటారు. ఆయన షాపులో బేరమాడితే నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. ఆయనకీ పెద్దాయనకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. చెప్పుల పెట్టెలు తన షాపు మెట్లమీదికి ఎందుకొచ్చాయని పెద్దాయన అడగడంతో మొదలైన తగాదా అది. ఇప్పటికీ ఎదురుపడితే ఈయన ‘ముసలి ముల్లు’ అంటాడు, ఆయన ‘పగిలిన డప్పు’ అంటాడు. అంతే తప్ప ఇంకో మాట ఉండదు.

“రండి, మీరే తక్కువయ్యారు,” అంది టైలరమ్మ. “ఇప్పుడు మీరూ ఓ నాలుగు తిట్టండి ఆయన్ని.”

ఉరుము మూసిన తలుపువైపు చూశాడు. చేతిలోని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“పెద్దాయన జోలికి వెళ్ళకండి,” అన్నాడు నెమ్మదిగా. “గడియారాల మాట కూపన్లోంచి తీసేద్దాం. గొడవ వదిలిపోతుంది.”

అందరూ ఆయన్నే చూశారు. వంటింట్లో గరిట చప్పుడు కూడా ఆగింది. ఉరుము ఇంత మెల్లగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

“ఇదేం మాటండీ? మొన్న మీరేగా, ‘ఆ ముల్లు కూడా పనిచెయ్యాల్సిందే, ఊరికే కుర్చీ అరగదియ్యడం కాదు’ అని వీధంతా వినబడేలా అరిచారు?”

“అన్నాను. అంటే మాత్రం?” ఆయన కళ్ళు ఎటో తిరిగాయి. “వయసు మీదపడింది. వదిలెయ్యండి.”

“మీరు వదిలేస్తారేమో, నేను వదలను,” అంది టైలరమ్మ. “చూడమ్మాయ్. నాకూ ఓపిక అయిపోతోంది. ఆ పెద్ద షాపువాళ్ళు వాళ్ళ దగ్గర కొన్న బట్టల్ని సరిచేసే పని నాకిస్తామని కబురు పెట్టారు. వెళ్ళకుండా కూర్చున్నది మిమ్మల్ని చూసే. ఇవాళ సాయంత్రం టీచరమ్మని షాపుకి నేనే వెంటబెట్టుకొస్తాను. పెద్దాయన అందరి ముందూ ఆ వాచీ తీసుకోవాలి, అక్కడే మూత తియ్యాలి. అలా కాదంటే రేపట్నుంచి నా పేరు మీ కూపన్ మీద ఉండదు.”

ఆమె వెళ్ళిపోయింది. ఉరుము ఏదో అనబోయి, నీళ్ళు నమిలి, ఆమె వెనకే దిగిపోయాడు.

టైలరమ్మ లేకపోతే కూపన్ లేదు. వీధిలోకి వచ్చే ఆడవాళ్ళలో సగంమంది ఆమె కోసమే వస్తారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

కొడుకు లేచాడు. “నాకు తోచింది చెప్పనా?”

“చెప్పండి.”

“నాన్న ఇంట్లో ఉంటేనే మంచిది. ఆ మూల ఖాళీ అయితే సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు ఎవడైనా వస్తాడు. గిరాకీ అంటే అదీ.”

“ఆ మాట ఆయన చెవిన పడితే ఏమవుతుందో తెలుసా?”

“నీ కూపన్ వల్ల ఇప్పుడు ఏమైందో కనబడుతూనే ఉందిగా!” అని గొంతు పెంచి, వెంటనే తగ్గించాడు. “నేను అలిసిపోయానే. పగలంతా అక్కడ పెట్టెలు మోసి వస్తే, ఇంట్లో ఈ మొహాలు.”

“నేను అలిసిపోలేదనుకుంటున్నారా?”

అతను గబగబా మెట్లు దిగిపోయాడు. బస్సు దొరికిందో లేదో కూడా ఆమెకి తెలీదు.

కోడలు మూసిన తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.

“మావయ్యగారూ.”

ఆమె మళ్ళీ తలుపు తట్టింది.

“కాసిన్ని పాలైనా తాగండి.”

“అక్కడ పెట్టు.”

“సాయంత్రం టీచరుగారు వస్తారట.”

లోపల మంచం కిర్రుమంది. “నా పేరు తీసెయ్యమన్నానుగా అమ్మా. ఒకళ్ళు తోలితే వచ్చే గిరాకీ నాకెందుకు? నా చేతిని నమ్మి వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు మానేస్తారు.”

“టీచరుగారు మీ చేతిని నమ్మే వచ్చారు మావయ్యగారూ.”

ఆమె పాలగ్లాసు గుమ్మం దగ్గర పెట్టి షాపుకు బయలుదేరింది.

షట్టరు సగంలో పట్టేసింది. భుజం ఆనించి ఎత్తాల్సివచ్చింది. రోజూ ఆ షట్టరు మామగారే ఎత్తుతాడు. కాదు, ఎత్తేవాడు. ఈమధ్య ‘నువ్వెత్తమ్మా, నా నడుం పట్టేసింది’ అంటున్నాడు. ఆమె తడిగుడ్డతో అద్దాల బీరువా తుడిచింది. మూలన ఆయన బల్ల, దానిమీద కంటికి బిగించుకునే భూతద్దం, గాజుమూత కింద సన్నటి పట్టకార్లు. అన్నీ శుభ్రంగా, వరసగా ఉన్నాయి. చాలా శుభ్రంగా ఉన్నాయి. నూనె మరక లేదు, ఒక స్క్రూ అయినా దొర్లి లేదు.

ఆమె గుడ్డ పట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోయింది.

మధ్యాహ్నం వీధి మందగించాక చెప్పుల షాపుకు వెళ్ళింది. ఉరుము నిచ్చెనమీదుండి పెట్టెలు సర్దుతున్నాడు.

“బాబాయ్‌గారూ, ఒక మాట.”

“సైజు ఎంత?” అని అలవాటుగా అరిచి, కిందికి చూసి, “నువ్వా తల్లీ!” అన్నాడు.

“పొద్దున మీరు మావయ్యగారిని వెనకేసుకొచ్చారు.”

“నేనా? ఆ ముసలి ముల్లునా? నాకేం పని!” అని గట్టిగా అన్నాడుగాని, ఆ అరుపులో పస లేదు.

“ఆయన ఈమధ్య వాచీ విప్పగా నేను చూడలేదు. ‘రేపు రండి’ అంటారు. మొన్నటిదాకా మర్నాటికల్లా వాచీ తయారుగా ఉండేది. ఎప్పుడు చేసేవారో, ఎక్కడ చేసేవారో నాకు తెలియలేదు. మీకు తెలుసు.”

ఉరుము నిచ్చెన దిగాడు. వాకిలివైపు చూశాడు. వెనక వరస పెట్టెల్లోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టి మూత తెరిచాడు. అందులో చెప్పులు లేవు. చిన్న చిన్న గుడ్డముక్కల్లో చుట్టిన వాచీలున్నాయి.

కోడలు దేన్నీ ముట్టుకోలేదు.

“ఓ రోజు మధ్యాహ్నం వెనక గుమ్మంలోంచి వచ్చాడు,” అన్నాడు ఉరుము. “ఇంకా ఏం తగాదాకొచ్చాడో అనుకున్నా. ఈ స్టూలుమీద కూలబడి, ‘నా చెయ్యి నా మాట వినడంలేదురా’ అన్నాడు. అన్నేళ్ళలో నన్ను ‘రా’ అనడం అదే మొదలు. కుడిచెయ్యి చూపించాడు. గాలికి ఆకు వణికినట్టు వణుకుతోంది. సన్నపని చెయ్యబోతే మరీనట. నేను సరుకు కోసం ఊరవతలికి స్కూటరుమీద వెళ్తుంటానుగా. అక్కడ ఒక వాచీల మేస్త్రీ ఉన్నాడు. ఈయన వాచీలు తీసుకెళ్ళి ఆయనకిచ్చి, మర్నాడు తెచ్చేవాణ్ణి.”

“మరి వీధిలో ఆ తిట్లూ...”

“అదీ ఆయన పెట్టిన షరతే!” ఉరుము నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చెడింది. “‘నువ్వు తిట్టడం మానేస్తే జనానికి అనుమానమొస్తుంది, మానొద్దు’ అన్నాడు. నేను తిట్టేవన్నీ ఒప్పందం ప్రకారం తిట్టినవే తల్లీ. నువ్వు కూపన్లు తెచ్చి ముగ్గుర్నీ కలిపాననుకున్నావు. మేమిద్దరం ముందే కలిశాం.”

కోడలు స్టూలుమీద కూర్చుంది.

“మరి నిన్న ఆవిణ్ణి ఎందుకు అంతమాటన్నారు?”

“ఎందుకంటే, ఆ మేస్త్రీ దుకాణం ఎత్తేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇవన్నీ చెయ్యక మిగిలిపోయినవే. ఇంకో మేస్త్రీ కోసం ఎక్కడెక్కడో తిరుగుతున్నాను. ఈలోగా నీ కూపన్లు పట్టుకుని రోజుకొకరు దిగుతున్నారు. గిరాకీ లేదని అందరం ఏడుస్తున్నాం. ఆయన గిరాకీ వస్తోందని ఏడుస్తున్నాడు.”

ఒకామె లోపలికొచ్చి, కూపన్ చూపించి, పిల్లకి చెప్పులు చూపించమంది. ఉరుము అరవకుండా చూపించాడు.

“మీ ఆయనకి చెప్పకు,” అన్నాడు కోడలు లేస్తుంటే. “పెద్దాయన నాచేత ఒట్టు పెట్టించుకున్నది ముఖ్యంగా దానిగురించే. కొడుకు జాలిపడి చూస్తే ఆ చూపు తట్టుకోలేనన్నాడు.”

సాయంత్రం ఎండ వాలుతుండగా మామగారు షాపుకొచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం మాత్రం గీసుకోలేదు. ఆ సంగతి కోడలు ఇప్పుడే గమనించింది. ఈమధ్య ఆయన గడ్డం గీసుకోవడమే లేదు. నెరిసిన గడ్డం బాగుందని అత్తగారు వేళాకోళం చేస్తే అందరూ నవ్వారు.

ఆయన తన కుర్చీలో కూర్చుని కుడిచేతిని బల్ల కింద పెట్టుకున్నాడు.

“పాలు తాగారా?”

“తాగాను.”

ఆమె బల్లదీపం వేసింది. ఆయన ఆర్పేశాడు. ఆమె మళ్ళీ వెయ్యలేదు.

“ఆ వాగుడుకాయ వాగేశాడు కదూ?” అన్నాడు వీధివైపు చూస్తూ.

అబద్ధం చెబుదామనుకుంది. అబద్ధానికి కూడా ఓపిక కావాలి. “నేనే అడిగాను మావయ్యగారూ.”

“మా వాడికి చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు.”

“ఎన్నాళ్ళు? ఇంట్లో ఆయన మొహం చూస్తూ నేనెన్నాళ్ళు దాచను? డాక్టరుకి చూపించారా అసలు?”

“చూపించి? ఈ వయసులో ఇంతేనంటాడు. అది వినడానికి అంతదూరం పోవాలా?”

“అందరికీ చెప్పేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు.”

“అనుకోరు. అదే భయం. అందరూ మంచిగా ఉంటారు. పక్కకి జరిగి దారిస్తారు, గ్లాసు చేతికి కాకుండా బల్లమీద పెడతారు. మా అన్నయ్య అలాగే పోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళ మంచితనంలో మునిగిపోయాడు.” ఆయన ఎడమచేత్తో భూతద్దాన్ని పక్కకి జరిపాడు. “నాకు పొగరని అందరూ అనుకుంటున్నారుగా, అనుకోనీ. పొగరున్నవాడి మీద ఎవరూ జాలిపడరు.”

ఆమె ఏదో అనే లోపలే మెట్లమీద టైలరమ్మ గొంతు వినబడింది.

“రండి టీచరమ్మా, రండి. మా పెద్దాయన వచ్చే ఉన్నాడు, చూడండి!”

టీచరు మొహమాటంగా వెనకే ఎక్కింది. పక్క షాపులవాళ్ళు ఇద్దరు ముగ్గురు వినోదం చూడ్డానికి మెట్ల దగ్గర చేరారు. వాళ్ళ వెనక ఉరుము నిలబడ్డాడు, తువ్వాలు పిండుకుంటూ.

“పెద్దాయనా,” అంది టైలరమ్మ. పొద్దుటి కోపం ఆమె గొంతులో లేదు. అలిసిన మనిషి బతిమాలుకోవడమే ఉంది. “మనం ముగ్గురం విడిపోతే ఆ పెద్ద షాపుకి పండగే. నాకు ఆ ఏసీలో కూర్చుని వాళ్ళ చేతికింద కుట్టాలని లేదు. నా మాట దక్కించండి. ఈ వాచీ ఒకసారి చూడండి.”

టీచరు వాచీ తీసి చాచింది. “మా అమ్మదండీ. తొందరేం లేదు.”

పెద్దాయన కదలలేదు. కోడలు చటుక్కున ముందుకొచ్చింది. “ఇలా ఇవ్వండి, నేను లోపల పెడతాను, రేపటికి...”

“ఉండమ్మా,” అన్నాడు ఆయన.

దీపం తనే వేశాడు. ఎడమచేత్తో వాచీ అందుకుని బల్లమీద గుడ్డపై పడుకోబెట్టాడు. పట్టకార్ల మీది గాజుమూత తీశాడు. భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. అప్పుడు కుడిచెయ్యి బల్ల కిందినుంచి పైకొచ్చింది. పట్టకారు తీసుకుంది. దాని మొన వాచీ అంచుకి తగిలి టకటకమని చప్పుడు చేసింది. ఆగి, మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే చప్పుడు.

మెట్ల దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

పెద్దాయన పట్టకారు కింద పెట్టాడు. భూతద్దం తీసేశాడు. రెండు చేతులూ దీపం కింద, అందరికీ కనబడేలా, బల్లమీద పరిచాడు. ఎడమది ఊరికే ఉంది. కుడిది దాని పాటికది వణుకుతోంది.

“టీచరుగారూ,” అన్నాడు, “నిన్న మిమ్మల్ని అన్న మాటలకి క్షమించండి. ఇది మీకు కనబడుతుందేమోనని అన్నాను.”

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. టీచరు వాచీని వెనక్కి తీసుకోలేదు. ఉరుము మనుషుల్ని తప్పించుకుని లోపలికొచ్చాడు. అన్నేళ్ళలో ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. కుర్చీ వెనక నిలబడ్డాడుగాని, ఏం చెయ్యాలో తెలియక తువ్వాలును ఒక భుజంమీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

“మనమందరం వెతుకుదాం పెద్దాయనా,” అంది టైలరమ్మ చివరికి. “మంచి మేస్త్రీని. ఎవరి చెయ్యి బాగుందో మీరు చూసి చెప్పండి. కూపన్ మీద పేరు...”

ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె చూపు మెట్లవైపు వెళ్ళింది. కోడలూ అటు తిరిగింది.

కొడుకు నిలబడి ఉన్నాడు. ఇవాళ గోడౌన్ నుంచి తిన్నగా ఇంటికెళ్ళకుండా షాపు దగ్గర బస్సు దిగినట్టున్నాడు. బూట్లనిండా దుమ్ము. ఎప్పటినుంచి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. దీపం కింద తండ్రి చేతులు అతనికి అంతదూరంనుంచీ కనబడుతున్నాయి.

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఉరుము మెల్లగా దాన్ని తన చేత్తో పట్టుకున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు కొడుకు.

అతను రెండు మెట్లు ఎక్కాడు.

“నిన్నే అడుగుతున్నాను. ఎన్నాళ్ళ నుంచి తెలుసు?”

అతను అడుగుతున్నది తండ్రిని కాదు, భార్యని. కోడలు నోరు తెరిచింది. ఇవాళే తెలిసిందన్న మాట నిజమే. కానీ రోజూ పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ కుర్చీ పక్కనే కూర్చుని ఇన్నాళ్ళూ చూడలేదని చెప్పడానికి, చూసి దాచానని ఒప్పుకోవడం కన్నా ఆమెకి ఎక్కువ సిగ్గేసింది.